ఆరో రకం అంటే 'ఇతరములు'

ముందే ఒప్పేసుకుంటా. మా అక్క పంపిన పన్నెండు వీడియోల్లో పదకొండింటి సబ్‌టైటిల్స్ నా చేతులారా పోగొట్టాను. పన్నెండోది మిగలడం కూడా నా తెలివి వల్ల కాదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సర్దుకునే ఓపిక లేకపోవడం వల్ల. ఆ పన్నెండో ఫైల్‌ని విప్పి చూస్తే తెలిసిన సంగతులే ఈ వ్యాసం. మధ్యలో బైట్లు, నంబర్లు వస్తాయి. మెకానికల్, సివిల్ మిత్రులు భయపడకండి, రెండు నెలల క్రితం వరకు నాకూ ఇవేవీ తెలీవు.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ఖమ్మంలో బీఎస్సీ నర్సింగ్ చదివి, ఇప్పుడు జర్మనీలో ఒక హాస్పిటల్‌లో పని చేస్తోంది. వెళ్లేటప్పుడు జర్మన్ భాషలో బీవన్ పాసై వెళ్లింది. అక్కడ పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే బీటూ కావాలి. క్లాసులో టీచర్ మాట్లాడితే అర్థమవుతుందట, వార్డులో ముసలివాళ్లు మాట్లాడితే మాత్రం స్టేషన్‌లో ఆగని రైలులా వెళ్లిపోతుందట. అందుకని సాయంత్రం ఏడింటికి జెడ్‌డిఎఫ్ చానల్లో వచ్చే 'హోయ్‌టె' వార్తల్ని యూఎస్‌బీ టీవీ స్టిక్‌తో ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకునేది. డ్యూటీ నుంచి వచ్చాక వీఎల్‌సీలో సబ్‌టైటిల్స్ పెట్టుకుని, వింటూ చదువుతూ చూసేది. అర్థం కాని మాట దగ్గర ఆపి డిక్షనరీ తీసేది.

కొన్నాళ్లకి ల్యాప్‌టాప్ నిండిపోయింది. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్సే కదా, వీటిని కాస్త చిన్నవి చేసి పెట్టు" అని డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపింది. ఒక్కో ఫైల్ జీబీన్నర పైనే. నేను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మూడు లైన్ల లూప్ రాసి, రాత్రి రన్ చేసి పడుకున్నా. తెల్లారేసరికి పన్నెండు ముద్దొచ్చే ఎంపీఫోర్లు. రెండు ఓపెన్ చేసి చూశా, బొమ్మ వస్తోంది, మాట వస్తోంది. "అయిపోయాయక్కా, పాతవి డిలీట్ చేసేయ్" అన్నా. చేసేసింది. డ్రైవ్‌లోవీ తీసేసింది. నా దగ్గర ఉన్నవి నేనూ తీసేశా, ఒక్కటి తప్ప.

ఆ రాత్రి మెసేజ్: "సబ్‌టైటిల్స్ ఏవిరా?"

ఏం జరిగిందంటే, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి "ఈ ఫైల్ తీసుకుని ఎంపీఫోర్ చెయ్" అని మాత్రమే చెప్తే లోపల ఉన్నవాటిలో ఏవి తీసుకోవాలో తనే ఎంచుకుంటుంది. ఒక వీడియో, ఒక ఆడియో. సబ్‌టైటిల్ అయితే, బయటికి రాసే ఫైల్‌లో ఇమిడే రకమైతేనే. డేటా స్ట్రీమ్‌ల జోలికి అసలు పోదు. అన్నీ కావాలంటే 'మ్యాప్ 0' అని మనమే చెప్పాలి. ఇదంతా దాని డాక్యుమెంటేషన్‌లో ఉంది. ఏవి తీసుకుందో స్క్రీన్ మీద కూడా రాస్తుంది. ఎర్రర్ మాత్రం ఇవ్వదు, ఎందుకంటే దాని లెక్కలో తప్పేమీ జరగలేదు. స్క్రీన్ చూడాల్సిన మనిషి నిద్రపోతున్నాడు, అంతే.

సరే, ఆ మిగిలిన ఫైల్‌లో సబ్‌టైటిల్స్ ఎక్కడున్నాయి?

టీవీ చానళ్లు పంపే ఫైల్ రకం పేరు ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్, చివర డాట్ టీఎస్ అని ఉంటుంది. ఎంపీఫోర్ పుస్తకం లాంటిది, విషయసూచిక ఒకచోట ఉంటుంది. టీవీ ప్రసారానికి మొదలూ చివరా ఉండవు, మీరు ఏ క్షణంలో టీవీ పెట్టినా బొమ్మ రావాలి. అందుకని మొత్తాన్ని 188 బైట్ల ముక్కలుగా కోసి, ఒకదాని వెనక ఒకటి పంపుతారు. వీడియో ముక్క, ఇంకో వీడియో ముక్క, ఒక ఆడియో ముక్క, మధ్యలో ఇంకేదో, గూడ్స్ బండిలో బొగ్గు వ్యాగన్ పక్కన సిమెంటు వ్యాగన్ ఉన్నట్టు. 188 అనే వింత అంకె ఏటీఎం నుంచి వచ్చిందంటారు. డబ్బులు తీసే ఏటీఎం కాదు, అప్పటి టెలిఫోన్ కంపెనీల నెట్‌వర్క్ పద్ధతి. అందులో ఒక్కో సెల్‌లో 47 బైట్లు పెడితే, నాలుగు సెల్స్‌కి 188 సరిగ్గా సరిపోతుంది.

ప్రతి ముక్కలో మొదటి బైట్ విలువ 71. ఆస్కీలో అది ఇంగ్లిష్ 'జి' అక్షరం. టీఎస్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆ చెత్త మధ్యలో అన్ని జీలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. ప్రోగ్రాములు కూడా టీఎస్ ఫైల్‌ని ఇలాగే గుర్తుపడతాయి: 188కోసారి 71 వస్తోందా, లేకపోతే 192కోసారా, 204కోసారా అని చూస్తాయి. ఆ తర్వాత రెండో బైట్‌లో చివరి 5 బిట్లు, మూడో బైట్‌లో 8 బిట్లు కలిపితే 13 బిట్ల నంబరు. దాన్ని పీఐడీ అంటారు, 0 నుంచి 8191 దాకా ఉంటుంది. అది వ్యాగన్ నంబరు అనుకోండి. రెండు ముక్కలు ఒకే స్ట్రీమ్‌వా కాదా అన్నది పీఐడీ చెప్తుంది. ఆ స్ట్రీమ్ వీడియోనా, ఆడియోనా, సబ్‌టైటిలా అన్నది మాత్రం చెప్పదు. ఈ విషయం అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది.

మరి చెప్పేదెవరు? పీఐడీ 0లో వచ్చే చిన్న పట్టిక, పేరు పీఏటీ. ఈ ప్రసారంలో ఏయే చానళ్లున్నాయో, ఒక్కో చానల్ వివరాలు ఏ పీఐడీలో దొరుకుతాయో అందులో ఉంటుంది. ఆ పీఐడీకి వెళ్తే రెండో పట్టిక, పీఎంటీ. అసలు జాబితా అదే. రెండు పట్టికలూ సెకనుకు చాలాసార్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి, ఎప్పుడు టీవీ పెట్టినా అందాలని.

ఎఫ్ఎఫ్‌ప్రోబ్ కొడితే జాబితా అదే వస్తుంది, కానీ ఈసారి ఎవరి మాటా నమ్మదలుచుకోలేదు. పైథాన్‌లో సొంతంగా రాశా. మొదటి రోజు పీఏటీ పొడవు 176 అని వచ్చింది. ఒకే చానల్ ఉన్న ఫైల్‌కి అంత పొడవు పట్టిక ఏంటి? గంటన్నర తల పట్టుకున్నాక తెలిసింది, పట్టిక మొదలయ్యే ముందు 'పాయింటర్' అని ఒక బైట్ ఉంటుంది, దాన్ని దాటాలి. దాని విలువ 0. పీఏటీ మొదటి బైట్ కూడా 0. అందుకని నా ప్రోగ్రామ్ ఒక అడుగు వెనక నిలబడి కూడా సరైన చోటే ఉన్నాననుకుంది. ఒక బైట్ జరిపితే 176 కాస్తా 13 అయింది. ఒక చానల్‌కి సరిగ్గా అంతే కావాలి. హాస్టల్ రూమ్‌లో అరిచిన అరుపుకి పక్క రూమ్ వాడు వికెట్ పడిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

పీఎంటీలో ఒక్కో స్ట్రీమ్‌కి పీఐడీతో పాటు 'స్ట్రీమ్ టైప్' అని ఒక బైట్ ఉంటుంది. అక్క ఫైల్‌లో ఆ బైట్లు వరసగా ఇవి: 27, 3, 3, 6, 6, 6, 5, 11. ప్రమాణం ప్రకారం 27 అంటే హెచ్ 264 వీడియో. 3 అంటే ఎంపెగ్ ఆడియో. 11 అనేది రిమోట్‌లో ఎర్ర బటన్ నొక్కితే వచ్చే అప్లికేషన్ల తాలూకు ఫైళ్ల మోత. 5 అంటే ప్రైవేట్ పట్టికలు, ఇక్కడ ఆ అప్లికేషన్ల చిరునామాలు. ఇవి రెండూ మన పనికి రావు.

6 దగ్గర ఆగాలి. ప్రమాణంలో దానికి రాసిన అర్థం 'ప్రైవేట్ డేటా'. మన ఆఫీసు ఫారాల్లో కులం, వృత్తి, ఆదాయం గడులన్నీ అయ్యాక చివర 'ఇతరములు' అని ఒక గడి ఉంటుంది చూశారా, అదే ఇది. ఆ గడిలో టిక్ పెట్టినంత మాత్రాన మీరెవరో ఎవరికీ తెలియదు, పక్కన చుక్కల గీత మీద రాయాలి. ఈ ఫైల్‌లో మూడు సిక్స్‌లున్నాయి. మూడూ ఒకటే రకమనుకుంటే పప్పులో కాలేసినట్టే.

చుక్కల గీతకి ఇక్కడ పేరు డిస్క్రిప్టర్. ప్రతి స్ట్రీమ్ వెనకా కొన్ని ఉంటాయి: ఒక బైట్ ట్యాగ్, ఒక బైట్ పొడవు, తర్వాత విషయం. ట్యాగ్ 10 అయితే భాష, మూడు అక్షరాల్లో. మన భాషకి ఆ ప్రమాణంలో టీ, ఈ, ఎల్. అక్క ఫైల్‌లో మొదటి సిక్స్ వెనక ట్యాగ్ 106 ఉంది, అంటే అది ఏసీ3 ఆడియో. అవును, ఆడియో! యూరప్ డీవీబీ పద్ధతిలో డాల్బీ ఆడియోని 'ఇతరములు'లోనే పంపుతారు. రెండో సిక్స్ వెనక 86: టెలిటెక్స్ట్. మూడోదాని వెనక 89: డీవీబీ సబ్‌టైటిల్స్. అంటే సబ్‌టైటిల్స్ ఒకచోట కాదు, రెండుచోట్ల ఉన్నాయి. నేను రెండూ పారేశాను.

ఈ పద్ధతి అంతటా ఒకేలా ఉందనుకోకండి. అమెరికాలో అదే ఏసీ3 ఆడియోకి సొంతంగా 129 అనే టైప్ ఉంది. 128 నుంచి పైన ఎవరి ఇష్టం వాళ్లది. ఆ ఇష్టారాజ్యం ఎలా ఉంటుందంటే, 130 బ్లూరేలో డీటీఎస్ ఆడియో, అమెరికా కేబుల్ ప్రమాణంలో సబ్‌టైటిల్! ఎవరి 130 అన్నది తెలియాలంటే ట్యాగ్ 5 ఉన్న రిజిస్ట్రేషన్ డిస్క్రిప్టర్ చూడాలి, అందులో నాలుగు అక్షరాల సంతకం ఉంటుంది. బ్లూరే అయితే హెచ్‌డీఎంవీ. డ్రోన్ వీడియోల్లో కెమెరా ఎక్కడుంది, ఎటు చూస్తోంది అన్న సమాచారం మోసే స్ట్రీమ్ అయితే కేఎల్‌వీఏ. ఇక అమెరికా క్లోజ్డ్ క్యాప్షన్స్ అయితే అసలు వేరే స్ట్రీమే కాదు, వీడియో బైట్ల లోపలే దాక్కుని ఉంటాయి. పీఎంటీ ఎంత వెతికినా వాటికి సొంత వరస దొరకదు.

టెలిటెక్స్ట్ దగ్గరికొద్దాం. ట్యాగ్ 86 లోపల ఒక్కో పేజీకి ఐదు బైట్లు. మూడు బైట్లు భాష: డీ, ఈ, యూ. నాలుగో బైట్‌లో ఇది సబ్‌టైటిల్ పేజీనా మామూలు పేజీనా అని 5 బిట్లు, పేజీ నంబరులో వందల అంకె 3 బిట్లు. ఐదో బైట్‌లో మిగతా రెండు అంకెలు. నాది 7, తర్వాత 77. జెడ్‌డిఎఫ్‌లో సబ్‌టైటిల్ పేజీ 777 అని అక్క ఎప్పుడో చెప్పింది. అక్కడ టీవీ రిమోట్ మీద జనం నొక్కే నంబరు ఆ బైట్లలో కనిపించేసరికి నాకు నిజంగా ఒళ్లు జలదరించింది.

లోపలి అక్షరాలు మాత్రం వెంటనే చదవడానికి రాలేదు. జర్మన్ వాక్యాలు రావాల్సిన చోట హాష్ గుర్తులు, కామాలు, పిచ్చి గీతలు. కారణం, టెలిటెక్స్ట్ పాత కాలపు టీవీ సిగ్నల్‌లో, తెర మీద కనిపించని గీతల్లో ప్రయాణించడానికి పుట్టింది. అక్కడ చిన్న బిట్ ముందు వెళ్తుంది. డిజిటల్‌లోకి వచ్చాక కూడా అదే వరస ఉంచేశారు. ఉదాహరణకి 'డి' అక్షరం ఆస్కీలో 68, బిట్లలో 01000100. ఒకట్ల సంఖ్య బేసి ఉండాలని ముందు ఒక 1 చేరుస్తారు: 11000100. దాన్ని వెనక నుంచి ముందుకి రాస్తే 00100011, అంటే 35, అంటే హాష్. ప్రతి బైట్‌నీ తిరగేసి, ఆ చేర్చిన బిట్ తీసేస్తే తెర మీద వాక్యాలు వచ్చాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ అవి వాక్యాలే. తర్వాత తెలిసింది, సీసీఎక్స్‌ట్రాక్టర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఈ పని ఎప్పటినుంచో చేస్తోందని. దాంతోనే మళ్లీ తీసి, ఎస్ఆర్‌టీ ఫైల్‌గా అక్కకి పంపా.

"ఇది ఒక్కటే కదరా" అంది. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాత కొత్తగా రికార్డు చేసినవి పంపడం మొదలుపెట్టింది. ఈలోగా స్టిక్‌తో వచ్చిన పాత యాప్ మొరాయిస్తే వేరే యాప్ పెట్టుకుందట. ఆ ఫైల్ మీద ఎఫ్ఎఫ్‌ప్రోబ్ కొడితే వీడియో ఒకటి, ఆడియో ఒకటి, మూడో వరసలో 'డేటా: బిన్ డేటా', పక్కన [6][0][0][0]. సబ్‌టైటిల్ అన్న మాటే లేదు. ఆ బ్రాకెట్లలో ఉన్నది మన స్ట్రీమ్ టైపే, నాలుగు బైట్లుగా. నా స్క్రిప్ట్‌తో చూస్తే సంగతి తెలిసింది: ఆ యాప్ ఫైల్ రాసేటప్పుడు పీఎంటీని తనే కొత్తగా తయారు చేస్తోంది. టైప్ 6 అని పెడుతోంది, వెనక డిస్క్రిప్టర్లు పెట్టడం లేదు. 'ఇతరములు'లో టిక్, చుక్కల గీత ఖాళీ.

అప్పుడే మొదటిసారి ఎఫ్ఎఫ్ఎంపెగ్ సోర్స్ కోడ్ తెరిచా. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన ప్రాజెక్టు, ఎవరైనా చదవొచ్చు. ఎంపెగ్‌టీఎస్ డాట్ సి అనే ఫైల్‌లో వరసగా పట్టికలున్నాయి. ముందు ప్రమాణంలోని టైపుల పట్టికలో వెతుకుతుంది. దొరక్కపోతే, బ్లూరే సంతకం ఉంటే బ్లూరే పట్టికలో. తర్వాత చిల్లర మల్లర పట్టికలో. ఎక్కడా దొరక్క, టైప్ 6 అయితే, తాత్కాలికంగా 'డేటా, బిన్ డేటా' అని రాసి, దీని లోపలి బైట్లు చూసి ఊహించాలి అని ఒక గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత డిస్క్రిప్టర్లు చదివేటప్పుడు 86, 89, 106 లాంటివి కనిపిస్తే ఆ పేరు కొట్టేసి అసలు పేరు రాస్తుంది. ఇది చదివాక నాకు ఆ వరస వేరేగా కనిపించింది. 'డేటా' అని తేల్చి చెప్పినట్టు ఉంటుంది గానీ, ఇలాంటి చోట దాని అర్థం 'ఇంకా తెలీదు' అని. మా ఇంట్లో హార్లిక్స్ సీసాలో చింతపండు ఉంటుంది, అది వేరే సమస్య. ఇక్కడ సీసా మీద కాగితమే లేదు.

మరి లోపలి బైట్లు చూసి ఊహించొచ్చు కదా? దానికీ ఏర్పాటుంది, ఏసీ3, డీవీబీ సబ్‌టైటిల్, టెలిటెక్స్ట్ లాంటివాటిని పోల్చే కోడ్ ఉంది. కానీ పోల్చడానికి ముందు బైట్లు రావాలి. మామూలుగా ఫైల్ మొదట్లో 50 లక్షల బైట్లు చూసి ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఒక నిర్ణయానికొస్తుంది. సెకనుకు కోటి బిట్ల వీడియోలో అది నాలుగు సెకన్లు. అక్క రికార్డింగ్ ఏడింటికి రెండు నిమిషాల ముందు మొదలైంది, అప్పుడు ప్రకటనలు వస్తున్నాయి. ఆ స్ట్రీమ్‌లో మొట్టమొదటి ముక్క వార్తలు మొదలయ్యాకే ఉంది. నాలుగు సెకన్లు గుమ్మం దగ్గర నిలబడి, ఎవరూ రాలేదని వెళ్లిపోయినట్టు.

నా స్క్రిప్ట్‌కి తొందరేమీ లేదు కాబట్టి ఆ పీఐడీలో మొదటి ముక్క వచ్చేదాకా ఆగమన్నా. వచ్చాక లోపలి సరుకు మొదలయ్యే చోట చూస్తే: 32, 0, 15, 16. టెలిటెక్స్ట్ అయితే మొదటి బైట్ 16 నుంచి 31 మధ్య ఉండాలి. ఏసీ3 అయితే 11, 119తో మొదలవ్వాలి. 32, 0 అంటే డీవీబీ సబ్‌టైటిల్. 15 అనేది ఒక్కో భాగం మొదలని చెప్పే గుర్తు, 16 అంటే ఆ భాగంలో పేజీ అమరిక ఉందని. దాని వెంటనే రెండు బైట్లలో పేజీ గుర్తింపు నంబరు.

టెలిటెక్స్ట్‌తో పోలిస్తే ఇందులో ఒక నిరాశ ఉంది. డీవీబీ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. రంగుల పట్టిక ఒకటి, చుక్కల వరసలు కొన్ని. చూడొచ్చు, చదవొచ్చు, కానీ మాట కాపీ చేసి డిక్షనరీలో పెట్టలేం. అయినా లేనిదానికంటే నయం.

పేరు లేని స్ట్రీమ్‌కి పేరు పెట్టడానికి టీఎస్‌డక్ వాడా. ఇది కూడా ఓపెన్ సోర్సే, ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌ల కోసమే పుట్టింది. పీఎంటీని ఎక్స్‌ఎంఎల్‌గా బయటికి తీస్తుంది. ఆరో రకం వరస కింద సబ్‌టైటిల్ డిస్క్రిప్టర్ చేర్చా: భాష డీ, ఈ, యూ, పేజీ నంబరు ఇందాక బైట్లలో దొరికినదే. ఆ ఎక్స్‌ఎంఎల్‌ని పాత పీఎంటీ స్థానంలో మళ్లీ ఎక్కించమంటే ఎక్కించింది. పట్టిక చివర సీఆర్‌సీ అని నాలుగు బైట్ల తనిఖీ నంబరు ఉంటుంది, ఒక్క బిట్ మారినా అది మారాలి, లేకపోతే చదివే ప్రోగ్రాములు ఆ పట్టికని పక్కన పెట్టేస్తాయి. అది కూడా టీఎస్‌డక్కే లెక్కేసుకుంది. వీడియో ముట్టుకోలేదు, సబ్‌టైటిల్ బైట్లు ముట్టుకోలేదు. వీఎల్‌సీలో తెరిస్తే సబ్‌టైటిల్ మెనూలో జర్మన్ అని వచ్చింది.

ఇప్పుడు ఫైల్ చిన్నది చేయాల్సి వస్తే వీడియోని మాత్రమే మళ్లీ ఎన్‌కోడ్ చేసి, మిగతావన్నీ మ్యాప్ 0తో ఉన్నవున్నట్టు కాపీ చేసి, టీఎస్‌గానే ఉంచుతున్నా. 5, 11 లాంటి తెలియని స్ట్రీమ్‌లు అడ్డుపడితే 'ఇగ్నోర్ అన్‌నోన్' అనే ఆప్షన్ ఉంది. ముందు ఎఫ్ఎఫ్‌ప్రోబ్ జాబితా, తర్వాత బయటికొచ్చిన ఫైల్ జాబితా పక్కపక్కన పెట్టి చూస్తున్నా. అసలు ఫైల్‌ని అక్క చూసి సరే అన్నాకే తీసేస్తున్నా.

ఆ పదకొండు ఎంపీఫోర్లని అక్క పడేయలేదట. సబ్‌టైటిల్స్ లేకుండా వింటూ, ఏం వినిపిస్తే అది తనే నోట్‌బుక్‌లో రాసుకుంటోందట. మూడో వీడియో దాకా వచ్చింది. మొన్న రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికి ఒక పేజీ ఫొటో తీసి పంపింది, రెండు చోట్ల తప్పు రాశానేమో చూడరా అని. నాకు జర్మన్ రాదు. పరీక్ష వచ్చే నెల.